పెరడు బాగుచేసే పనిలో నాలుగు డబ్బులు

జీతం మొదటి వారంలోనే ఖర్చయిపోయే ఇళ్ళు మనలో తక్కువేమీ కాదు. ఫీజులు, కిరాణా పద్దు, మందుల ఖర్చు ఒక్కసారే మీద పడితే వడ్డీ అప్పు తప్ప దారి కనిపించదు. ఆ గుమ్మం తొక్కకముందు ఆలోచించదగిన పని ఒకటున్నది. పెరళ్ళు, ఖాళీ స్థలాలు, డాబాలు, నీళ్ళ ట్యాంకులు శుభ్రం చేసిపెట్టే పని అది. ఉద్యోగం మానకుండా సెలవు పూటలలో చేసుకోవచ్చును.

కిరండూల్ రైలు మార్గం మొదలయ్యే మన కొత్తవలస విశాఖపట్నానికి దగ్గర. ఇక్కడ స్థలం కొని వేరేచోట కాపురముండేవారు, ముసలి తల్లిదండ్రులను ఇంట ఉంచి ఉద్యోగాలకు వెళ్ళినవారు ఉన్నారు. జూన్‌లో నాలుగు వానలు పడితే తుప్పలు మోకాలెత్తు లేస్తాయి, వాటిలో పాములు చేరతాయి. మీ పనికి గిరాకీ అప్పుడే.

మొదట కొడవలి, పార, గునపం, తట్ట, చీపుర్లు చాలు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, గట్టి చేతి తొడుగులు మాత్రం మానవద్దు. గడ్డి కోసే యంత్రం అప్పుచేసి కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. నెలవారీ ఇళ్ళు కొన్ని కుదిరాక కొనవచ్చును. 2015లో వచ్చిన ముద్ర పథకంలో 50,000 రూపాయల వరకు హామీ ఆస్తి లేకుండానే బ్యాంకులు అప్పు ఇస్తాయి. చిన్న వ్యాపారాల ఉద్యమ్ నమోదు ఉచితం గనుక అందుకు ఫీజు అడిగే దళారిని నమ్మవద్దు.

కలుపు తీయడంలో తెలివి ఉన్నది. తుంగను పైపైన కోస్తే దుంపలనుండి మళ్ళీ లేస్తుంది. తవ్వి దుంపలు ఏరవలసిందే. వయ్యారిభామను పూతకు రాకముందే వేళ్ళతో పీకాలి. అది తగిలితే కొందరికి దురదలు, ఆయాసం వస్తాయి. మందు కొట్టేస్తే పోదా అని ఇంటివారు అడుగుతారు. గ్లైఫోసేట్ వాడకాన్ని 2022లో కేంద్ర ప్రభుత్వం లైసెన్సుగల చీడ నివారణ నిర్వాహకులకే పరిమితం చేసింది. బావి, పిల్లలు, కోళ్ళు ఉన్న దొడ్డిలో పారే మేలు. రాలిన కొబ్బరి మట్టలను తగలబెట్టవద్దు. ఈనెలు తీస్తే చీపుర్లవుతాయి. ఇంట్లో ఆడవారి చేతికి అదొక చిన్న ఆదాయం.

ట్యాంకు కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడరులో యాసిడ్ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. కరెంటు తీగలకు తగిలే కొమ్మ జోలికి పోక విద్యుత్ సిబ్బందికి చెప్పండి. ఎంత డబ్బు ఇస్తామన్నా సెప్టిక్ ట్యాంకులో దిగవద్దు, ఎవరినీ దింపవద్దు. లోపలి వాయువుకు మనిషి క్షణాలలో కూలిపోతాడు. రక్షించబోయి దిగినవాడూ పోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. దానికి పంపుగల బండి ఉన్నది.

ధర చెప్పడంలోనే చాలామంది దెబ్బతింటారు. స్థలం చూడకుండా ఫోనులో ధర చెప్పకండి. మీ కూలి, పెట్రోలు, పనిముట్ల అరుగుదల, చెత్త తరలించే బండి కిరాయి లెక్కవేసి, చెత్త ఎక్కడ పోయాలో కూడా ముందే మాట్లాడుకోండి. స్థలం యజమాని ఊళ్ళో లేకపోతే పనికి ముందు, తరువాత ఫోటోలు పంపండి. సహాయానికి కూలీని పెట్టుకొంటే మీకు డబ్బు అందినా అందకపోయినా అతని కూలి ఆ సాయంత్రమే ఇవ్వండి. చీపురు పట్టిన చేతిని చిన్నచూపు చూసే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. మీరైనా అతణ్ణి గౌరవంగా పిలవండి.

వేసవిలో గడ్డి ఉండదు గనుక ట్యాంకులు, డాబాలు చూసుకోవాలి. క్రిస్మస్‌కు, సంక్రాంతికి ముందు ప్రతి ఇంటా పని ఉంటుంది. నవంబరు 2 సమాధుల పండుగకు, ఈస్టరు వేకువ ఆరాధనకు ముందు సమాధుల తోటలో తుప్పలు కొట్టి, సున్నం వేయించాలని దూరాన ఉన్న కుటుంబాలు కోరుకొంటాయి. అక్టోబరు మొదట్లోనే వారిని అడిగి, పది సమాధులు ఒకేసారి ఒప్పుకొంటే బండి కిరాయి కలిసివస్తుంది.