జ్వరానికో కొలత, ఎండకో కొలత

మన ఇళ్లలో ఉష్ణోగ్రతకు రెండు కొలతలు వాడుతున్నాం. ఎండ నలభై మూడు అంటాం, పిల్లాడికి జ్వరం నూట రెండు అంటాం. మొదటిది సెల్సియస్, రెండోది ఫారన్‌హీట్. అయినా ఎవరూ తికమకపడరు.

అమెరికాలో ఎండనూ ఫారన్‌హీట్‌లోనే చెబుతారు. సున్నా అంటే వణికించే చలి, నూరంటే మండే ఎండ, మనిషి బతికే వాతావరణమంతా ఈ రెంటి మధ్యే ఉంటుంది కాబట్టి అది మనిషికి తగ్గ కొలత అని అక్కడ చాలామంది వాదన. కానీ 1724లో తన కొలతను ప్రకటించిన డేనియల్ గాబ్రియెల్ ఫారన్‌హీట్ ఉద్దేశం అది కాదు. మంచు, నీరు, అమ్మోనియం క్లోరైడ్ కలిపిన మిశ్రమపు చల్లదనాన్ని ఆయన సున్నా అన్నాడు. మంచు కరిగే చోటు 32, ఒంటి వేడి 96.

పైగా ఆ సున్నా-నూరు లెక్క చలిదేశాలకే నప్పుతుంది. రామగుండంలో శీతాకాలపు రాత్రి 12 డిగ్రీల సెల్సియస్ ఉంటే అది 54 ఫారన్‌హీట్. వేసవిలో 43 అయితే 109. కింది సగం మనకు అక్కరకే రాదు, పైన నూరు చాలదు.

మార్చుకోవడం తేలికే. సెల్సియస్ అంకెను రెట్టింపు చేసి, వచ్చినదాంట్లో పదోవంతు తీసేసి, 32 కలపాలి. 43కి 86, అందులోంచి 8.6 పోతే 77.4, దానికి 32 కలిపితే 109.4. అయితే తేడాలను మార్చేటప్పుడు 32 కలపకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40కి చేరి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే మన వాతావరణ శాఖ వడగాలులుగా లెక్కిస్తుంది. ఆ 4.5 పెరుగుదల ఫారన్‌హీట్‌లో 8.1 మాత్రమే. 32 కూడా కలిపితే 40.1 వస్తుంది, అది పూర్తిగా తప్పు.

ఫారన్‌హీట్ డిగ్రీ చిన్నది, కాబట్టి సూక్ష్మంగా చెబుతుందన్న మాట నిజమే. కానీ నీడలోకి జరిగితేనే అంతకు మించిన తేడా ఒంటికి తెలుస్తుంది. నిజంగా మనిషికి తగ్గ కొలత కావాలంటే గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలి మన చర్మం కన్నా వేడెక్కాక ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. తేమ ఎక్కువైతే చెమట త్వరగా ఆరదు. అందుకే విజయవాడ ఉక్కపోతలో 38 డిగ్రీలు, పొడిగా ఉన్న చోటి 42 కన్నా ప్రమాదకరం కావచ్చు. రేపటి ఎండ ఎంతో చూసేటప్పుడు, ఏ కొలతలో చూసినా, పక్కనున్న తేమ శాతం కూడా చూడండి.