టపా మనది... తాళంచెవి ఎవరిది?

గుజరాత్‌లోని వాడినార్‌లో ఏటా రెండు కోట్ల టన్నుల ముడి చమురును శుద్ధి చేయగల భారీ కర్మాగారం ఉంది. దాని యజమాని నయారా ఎనర్జీలో రష్యా ప్రభుత్వ సంస్థ రాస్‌నెఫ్ట్‌కు 49.13 శాతం వాటా ఉంది. 2025 జులై 18న ఐరోపా సమాఖ్య ప్రకటించిన ఆంక్షల జాబితాలో నయారా పేరు చేరింది. కొద్ది రోజులకే ఆ సంస్థ ఉద్యోగుల ఈ-మెయిల్ స్తంభించింది. సేవలందిస్తున్న మైక్రోసాఫ్ట్ వాటిని నిలిపివేయడమే అందుకు కారణం. డబ్బు చెల్లించి పొందిన సేవను, సొంత సమాచారాన్ని తమకు అందకుండా చేశారంటూ నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. జులై నెలాఖరుకు సేవలు పునరుద్ధరణకు నోచుకున్నాయి. వివాదం సద్దుమణిగినా, అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం సజీవంగానే ఉంది. ఒక సంస్థ ఉత్తర ప్రత్యుత్తరాల తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

సొంత టపా కార్యాలయం

ఈ ప్రశ్నకు ఒక సమాధానం చాలాకాలంగా అందుబాటులోనే ఉంది. ఈ-మెయిల్‌ను మోసుకెళ్లే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తమ కంప్యూటర్‌లో స్వయంగా నెలకొల్పుకోవచ్చు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ 1980వ దశకం ఆరంభంలో రూపొందించిన సెండ్‌మెయిల్, 1995లో కేంబ్రిడ్జిలో ఫిలిప్ హేజెల్ మొదలుపెట్టిన ఎగ్జిమ్, ఐబీఎం పరిశోధనాలయంలో వీట్సే వెనెమా రచించగా 1998 డిసెంబరులో వెలువడిన పోస్ట్‌ఫిక్స్ ఈ కోవలోనివే. వీటి మూలసంకేతం బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, రుసుము లేకుండా వాడుకోవచ్చు. ఒక దేశం ఆంక్షలు విధించినంత మాత్రాన, ఇప్పటికే మన యంత్రంలో ఉన్న ప్రతిని ఎవరూ దూరం నుంచి ఆపలేరు.

బహిరంగం అన్నంత మాత్రాన భద్రమని అర్థం కాదు. 1988 నవంబరులో నాటి ఇంటర్నెట్‌ను కుదిపివేసిన మోరిస్ పురుగు లోపలికి చొరబడేందుకు వాడుకున్న దారుల్లో సెండ్‌మెయిల్‌లోని ఒక లోపం కూడా ఉంది. అన్ని పనులనూ సర్వాధికారాలు గల ఒకే పెద్ద ప్రోగ్రామ్‌కు అప్పగించడంలోని ప్రమాదం ఇలాంటి అనుభవాల వల్ల బోధపడింది. పోస్ట్‌ఫిక్స్‌లో పని అనేక చిన్న ప్రోగ్రామ్‌ల మధ్య విభజితమై ఉంటుంది. ఉత్తరం అందుకునేది ఒకటి, వరుసలో నిలిపేది మరొకటి, బయటకు పంపేది ఇంకొకటి. దేనికీ అవసరానికి మించిన అధికారం ఉండదు.

నిర్మాణం గంటల పనే

పోస్ట్‌ఫిక్స్ మూలసంకేతాన్ని దింపుకున్నాక తొలుత దానిపై ఉన్న డిజిటల్ సంతకాన్ని సరిచూడాలి. మధ్యలో ఎవరూ కల్తీ చేయలేదని నిర్ధారించుకోవడానికి ఇది అత్యవసరం. తరువాత పోస్ట్‌ఫిక్స్ పేరిట ఒక ప్రత్యేక ఖాతాను, పోస్ట్‌డ్రాప్ అనే సమూహాన్ని సృష్టించాలి. సీ భాష కంపైలర్ ఉన్న యంత్రంపై ‘మేక్’ ఆదేశంతో నిర్మాణం, ‘మేక్ ఇన్‌స్టాల్’తో స్థాపన పూర్తవుతాయి. ఇంత శ్రమ వద్దనుకునేవారికి డెబియన్ వంటి లినక్స్ వ్యవస్థల్లో సిద్ధంగా నిర్మించిన ప్రతి ఒక్క ఆదేశంతోనే లభిస్తుంది. వచ్చిన ఉత్తరాలను ఉద్యోగులు చదువుకునేందుకు డవ్‌కాట్ అనే మరో సాఫ్ట్‌వేర్‌ను జతచేయడం పరిపాటి.

‘మెయిన్.సీఎఫ్’ అనే ఫైలులో సర్వర్ పేరు, ఏ చిరునామాల ఉత్తరాలు మనవి, ఎవరి తరఫున బయటకు పంపాలి అన్న వివరాలు పొందుపరచాలి. ఈ చివరి అంశంలో పొరపాటు జరిగితే ఊరూపేరూ లేని వ్యాపార ప్రకటనలకు మన సర్వర్ రహదారిగా మారుతుంది. దరిమిలా ప్రపంచమంతటా అది నల్లజాబితాకెక్కుతుంది.

పరపతి సంపాదించడమే కష్టం

అసలు చిక్కు ఆ తరువాతే ఎదురవుతుంది. ఉత్తరం పంపగానే సరిపోదు, అవతలి సర్వర్ దాన్ని నమ్మాలి. అందుకు స్థిరమైన ఐపీ చిరునామా, ఆ చిరునామా నుంచి సర్వర్ పేరును తెలిపే నమోదు ఉండాలి. మన పేరిట ఉత్తరాలు పంపే హక్కు ఏ యంత్రాలకుందో చెప్పే ఎస్పీఎఫ్, ప్రతి ఉత్తరంపై ముద్రవేసే డీకిమ్, ఈ పరీక్షల్లో తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా కావాలి. రోజుకు ఐదు వేలకు పైగా ఉత్తరాలు పంపేవారికి ఈ మూడింటినీ 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ తప్పనిసరి చేసింది. ఉత్తరాల రవాణాకు వాడే 25వ నంబరు పోర్టును అనేక ఇంటర్నెట్ సంస్థలు సాధారణ ఖాతాదారులకు మూసివేసి ఉంచుతాయి.

ఖర్చు లెక్కా చూడాలి. సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ యంత్రం, విద్యుత్తు, నకళ్ల భద్రత, రాత్రివేళ కూడా పలికే నిపుణుడు ఉచితం కాదు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం భద్రతా ఉల్లంఘనలను ఆరు గంటల్లోగా తెలియజేయాలి. సర్వర్ కార్యకలాపాల చిట్టాలను 180 రోజులు దాచాలి. పదిమంది ఉన్న దుకాణానికి ఈ భారం తలకు మించినదే. విశ్వవిద్యాలయం, బ్యాంకు, కర్మాగారం వంటి వాటి సంగతి వేరు.

మధ్యేమార్గం

బహిరంగ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని 2015లో కేంద్రం విధాన ప్రకటన చేసింది. అనంతరం సుమారు 12 లక్షల కేంద్ర ఉద్యోగుల మెయిల్ ఖాతాలు చెన్నై సంస్థ జోహో వేదికకు తరలినట్లు 2025లో వెల్లడైంది. ఇల్లు మారినా చిరునామా మారలేదు. ప్రభుత్వ డొమైన్ పేరు ప్రభుత్వం చేతిలోనే ఉంది. చిన్న సంస్థలు గ్రహించవలసిన పాఠం ఇదే. సర్వర్ అద్దెదైనా డొమైన్ సొంతమై, ఉత్తరాల నకలు తమ వద్ద ఉంటే, ఒక తలుపు మూసుకున్ననాడు మరో చోటికి వెళ్లడానికి వీలుంటుంది.

తెలుగువారికి ఇందులో మరో ప్రయోజనం ఉంది. చిరునామాను ఆంగ్లేతర లిపుల్లో రాసే సదుపాయం 2015లో విడుదలైన పోస్ట్‌ఫిక్స్ 3.0లో చేరింది. తెలుగు లిపిలో ‘.భారత్’ డొమైన్ సైతం ఉంది. అవతలి సర్వర్ కూడా అంగీకరిస్తేనే అలాంటి ఉత్తరం చేరుతుంది. ఆ అంగీకారం కోసం విదేశీ సంస్థల వైపు చూస్తూ కూర్చోకుండా మన విశ్వవిద్యాలయాలే ముందుగా తమ సర్వర్లను సిద్ధం చేసుకోవచ్చు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్‌కు రుసుము లేదు. కావలసిందల్లా నేర్చుకున్న మనుషులు, నేర్పించే సంకల్పం.