తుపాకీ దుర్భిణి: పెట్టె మీద రాయని సంగతులు

కర్ణాటకలో కంది, చెరకు పండే మన్నాఏఖేళ్ళి లాంటి ఊళ్లకు అడవిపంది బెడద కొత్తది కాదు. అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు సరదా వేటకు చోటు లేదు. 65వ నంబరు జాతీయ రహదారి మీద తూర్పుకు పోయి తెలంగాణలో అడుగుపెట్టినా, పంట మీద పడే పందిని కొట్టడానికి అనుమతి ఉన్న షూటరే రావాలి. అతని తుపాకీ మీది దుర్భిణి, అంటే స్కోపు, గురి తప్పితే పంది చావదు, గాయంతో పొదల్లో దూరుతుంది. అప్పుడది పరమ ప్రమాదకరం. అందుకే ఏ స్కోపు మన్నుతుందన్నది షోకుకు అడిగే ప్రశ్న కాదు. కొనేవాళ్లు పెట్టె మీది అంకెలు చూస్తారు గానీ, మన్నిక ఉండేది లోపలి స్ప్రింగులో, రబ్బరు రింగులో, పొడి వాయువులో.

ఈ పరికరం పుట్టుకే అందుకు సాక్ష్యం. 1840ల్లో అమెరికాలో చాప్‌మన్ ఆలోచనతో మోర్గాన్ జేమ్స్ చేసిన దుర్భిణులు దాదాపు తుపాకీ గొట్టమంత పొడుగు. 1855లో విలియం మాల్కం రంగుల అంచులు తగ్గించే జంట కటకాలతో తన సొంత దుర్భిణులు మొదలుపెట్టాడు. వాటిలో గురి సవరించాలంటే మొత్తం గొట్టాన్నే బయటి బిగింపుల్లో జరపాలి. చూడ్డానికి మోటు, కానీ లోపల కదిలి చెడేది ఏమీ లేదు. తర్వాత ఆ సవరణ లోపలికి పోయింది. ఇప్పటి స్కోపులో తలకిందులైన బొమ్మను నిలబెట్టే చిన్న గొట్టం ఒకటుంటుంది. పైమర, పక్కమర దాన్ని ఒకవైపు నెడుతుంటే ఎదుటినుంచి స్ప్రింగు తోస్తుంది. ఆ స్ప్రింగు నీరసిస్తే అద్దం ఎంత మేలైనదైనా గుండు ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంది.

రెండో శత్రువు తేమ. ముసురు పట్టిన రాత్రి లోపల చిక్కిన ఆవిరి, అద్దం చల్లబడగానే మంచులా పేరుకుంటుంది. బయట ఎంత తుడిచినా పోదు. 1947లో అమెరికాలో ల్యూపోల్డ్ సంస్థ నైట్రోజన్ నింపి మూసిన స్కోపు తెచ్చింది. నైట్రోజన్‌లో మహిమేమీ లేదు, అది పొడిగా ఉండటమే కావలసింది. ఆర్గాన్ అంటూ ఎక్కువ ధర చెప్పేవాళ్లు ఈ మాట చెప్పరు. రబ్బరు రింగు ఎండి పగిలితే ఏ వాయువైనా ఒకటే.

ఖరీదైన పెద్ద స్కోపు అన్నిటినీ తట్టుకోదా అనవచ్చు. తట్టుకోదు. స్ప్రింగు ఎయిర్‌గన్‌లో పిస్టన్ ముందుకు దూకితే తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగగానే మళ్లీ ముందుకు కుదుపుతుంది. వెనక్కి తన్నే పెద్ద రైఫిల్ మీద ఏళ్లు నిలిచిన స్కోపు ఈ ఎదురు కుదుపుకు విడిపోవచ్చు. పెద్దగా చూపించడం మేలు కాదా అన్నది ఇంకో అభ్యంతరం. 32 మిల్లీమీటర్ల కటకంతో 4 రెట్లు చూపితే కంటికి 8 మిల్లీమీటర్ల వెడల్పున వెలుగు అందుతుంది. చీకట్లో కంటిపాప విప్పారేది సుమారు 7. అదే కటకంతో 9 రెట్లు చూపితే మూడున్నరే. పందులు వచ్చేదేమో చీకటి పడ్డాక! పైగా రెట్లు మార్చే స్కోపులో కదిలే ముక్కలు ఎక్కువ. వాటినీ గట్టిగా చేయవచ్చు, సైన్యాలు వాడుతున్నాయి కూడా, కానీ ఆ పనితనానికి డబ్బు పోయాలి.

ఈ పనితనం మనకు పరాయిది కాదు. 1926లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది. సైన్యానికి రాత్రిచూపు పరికరాలు అక్కడ తయారవుతున్నాయి. కొనేవాడికి మాత్రం ఒక చిన్న పరీక్ష చాలు. షూటింగ్ రేంజిలో ఒక గుండు కాల్చి, మరలను కుడికి, పైకి, ఎడమకు, కిందికి సమానమైన క్లిక్కులు తిప్పుతూ ఒక్కొక్కటి కాల్చాలి. చివరి గుండు మొదటి చిల్లు పక్కన పడకపోతే, ముందు బిగింపు మరలు చూసుకుని, అవి గట్టిగానే ఉంటే స్కోపు తిరిగిచ్చేయాలి.