ప్రొపెల్లర్‌ తిరిగితేనే చిత్రానికి ప్రాణం

రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాన్ని గగనంలో ఫొటో తీయడం జెట్‌ను తీసినంత సులువు కాదు. జెట్‌కు సెకనులో 1/1000 వంతు షటర్‌ వేగం సరిపోతుంది. అదే వేగంతో డకోటాను తీస్తే ప్రొపెల్లర్‌ నిలిచిపోయినట్లు పడుతుంది. విమానం దారానికి కట్టిన బొమ్మలా కనిపిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు 1/125కు, ఒక్కోసారి అంతకన్నా నెమ్మదికి దిగుతారు. అప్పుడు తిరిగే రెక్కలు గుండ్రని పొరలా వస్తాయి.

చిక్కల్లా చేయి వణికితే విమానమూ చెదిరిపోవడమే. నడుము పైభాగాన్ని విమానంతోపాటే తిప్పుతూ, మీట నొక్కాక కూడా ఆపకుండా అనుసరించాలి. పదింటిలో ఒకటి దక్కినా గొప్పే. సెల్‌ఫోన్లది మరో తంటా. అవి దృశ్యాన్ని వరుసల వారీగా నమోదు చేస్తాయి కనుక రెక్కలు అరటిపండ్లలా వంగి పడతాయి. సైనిక స్థావరాల్లో అనుమతి లేనిదే కెమెరా ఎత్తరాదు.

బ్రిటన్‌లో పునరుద్ధరించిన డకోటా 'పరశురామ' 2018లో మన వాయుసేనకు చేరింది. దానిపై రాసిన వీపీ 905 సంఖ్య, 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో సైనికులను దించిన డకోటాది. ఆ అక్షరాలు స్పష్టంగా పడని చిత్రం ఎంత అందంగా ఉన్నా చరిత్రకు అక్కరకు రాదు.

విశాఖ బీచ్‌రోడ్డులోని టీయూ-142వీ ప్రొపెల్లర్లే. 2017లో విరమించిన ఆ నౌకాదళ విమానానికి నెమ్మది షటర్‌తో పనిలేదు. ఉదయపు ఏటవాలు వెలుగు చాలు.