కారు ముందుచక్రపు కీలు

మన తుంటివలెనే కారు ముందుచక్రమునకును గిన్నెలో గుండు తిరిగెడి కీలు కలదు. మెకానిక్కులు దానిని బాల్ జాయింటందురు. రబ్బరు తొడుగు చినిగినచో గ్రీజు పోయి, బురద చేరి గుండు అరుగును. కీలూడినచో చక్రము ప్రక్కకొరిగి, కారు నడిరోడ్డుననే కూలబడును. చక్రము నెత్తి, మీదను క్రిందను పట్టి ఊపినపుడు కీలు కదలాడుచున్నచో మార్చవలసినదే.

ఈ పని నేను యింటనే చేయుదును. కాని జాకీ నొక్కదానినే నమ్మి బండిక్రింద దూరను, ఇనుప స్టాండ్లు పెట్టుదును. స్ప్రింగు లోయర్ ఆర్ముపై కూర్చుండు బండ్లలో ఆ ఆర్ముక్రింది ఆధారము తొలగరాదు. తొలగినచో స్ప్రింగు వెలికి దూకి ప్రాణము తీయగలదు. నట్టు వదలించినను కీలుకాడ సులభముగ రాదు. నట్టును పూర్తిగ తీయక, కాడను గాక అది దూరిన కన్నుప్రక్కను సుత్తితో కొట్టవలెను. క్రొత్తది బిగించునపుడు కాటర్ పిన్ను రంధ్రము కుదరకున్న, నట్టును మరికొంత బిగింపవలెనే గాని వదులు చేయరాదు. పిన్నును క్రొత్తదే వేయవలెను.