మోటారు ఏల కాలును? — వోల్టు, ఆంపియరు, ఓము, వాటుల లెక్క

మణుగూరు ప్రాంతమున బొగ్గు గనులు గలవు. గోదావరి చెంత భద్రాద్రి విద్యుత్కేంద్రము గలదు. ఒక్కొక్కటి 270 మెగావాటుల చొప్పున నాలుగు యంత్రములు గల ఈ కేంద్రపు సామర్థ్యము 1080 మెగావాటులు, అనగా 108 కోట్ల వాటులు. ఇంత శక్తి పుట్టుచోటికి సమీపమున సయితము పొలములలో మోటారులు తిరుగక మూలుగుటయు, వైండింగు కాలిపోవుటయు కలదు. దీనికి కారణములు పెక్కులు. వానిలో రైతు స్వయముగా కనిపెట్టి సరిచేయించుకొనదగినది యొకటి కలదు. అది స్తంభమునుండి బావివరకు లాగిన తీగ.

ముందుగా నాలుగు కొలతల నెరుగవలెను. చెరువునీటిని తూముగుండ నెట్టెడి ఎత్తువంటిది విద్యుత్పీడనము. దీనిని వోల్టులలో కొలుతురు. కాలువలో పారెడి నీటి పరిమాణమువంటిది ప్రవాహము. దీనికి ఆంపియరు కొలత. కాలువలోని ఇరుకును, తుంగయు నీటి నడ్డగించునట్లు తీగ ప్రవాహము నడ్డగించును. ఇది నిరోధము, దీనికి ఓము కొలత. విద్యుత్తు పనిచేయు వేగము సామర్థ్యము. దీనికి వాటు కొలత.

వీనిని కలుపు సూత్రములు రెండే. వోల్టులను ఆంపియరులచే భాగించిన నిరోధము వచ్చును. ఇది జర్మనీ దేశపు పండితుడగు ఓము 1827లో ప్రకటించినది. వోల్టులను ఆంపియరులచే గుణించిన సామర్థ్యము వచ్చును. ఉదాహరణమునకు, 230 వోల్టులపై 1000 వాటుల నీళ్ల హీటరును దీసికొందము. వేయిని 230చే భాగింపగా ప్రవాహము సుమారు 4.35 ఆంపియరులు. 230ని 4.35చే భాగింపగా నిరోధము సుమారు 53 ఓములు.

ఇక పొలమునకు వత్తము. ఒక రైతు సింగిల్ ఫేజు మోటారు 7 ఆంపియరులు తీసికొనుచున్నదనుకొనుడు. స్తంభమువద్ద 220 వోల్టులు, మోటారువద్ద 199 వోల్టులు కనబడినవి. నడుమ పోయినవి 21 వోల్టులు. ఇరువదియొకటిని ఏడుచే భాగింపగా, పోవు తీగ, వచ్చు తీగ కలిసి నిరోధము 3 ఓములు. ఇరువదియొకటిని ఏడుచే గుణింపగా, తీగను వేడిచేయుటకే వ్యర్థమగు సామర్థ్యము 147 వాటులు. ఎనిమిది గంటలు నడిచినచో ఒక యూనిటుకంటె ఎక్కువ విద్యుత్తు నీటిచుక్కనైన తోడకయే పోయినది. ఇది సుమారు లెక్క. మోటారు స్వభావమునుబట్టి అసలు నష్టము ఇంతకు కొంత హెచ్చుగా నుండును.

ఒక జాగ్రత్త గలదు. మోటారు ఆగియున్నప్పుడు కొలిచినచో రెండుచోట్లను 220 వోల్టులే కనబడి, తీగ మంచిదేయను భ్రమ కలుగును. ప్రవాహము లేనిదే తగ్గుదల లేదు. కావున మోటారు నడచుచుండగానే కొలిపింపవలెను.

తీగ అడ్డుకోత వైశాల్యము రెండింతలైన నిరోధము సగమగును. పై ఉదాహరణమున 3 ఓములు ఒకటిన్నర ఓమగును. తగ్గుదల పదిన్నర వోల్టులకును, నష్టము సుమారు 74 వాటులకును దిగును. తీగ పొడవు రెండింతలైనచో నిరోధమును రెండింతలగును. ఒకే మందము గల రాగితీగకంటె అల్యూమినియపు తీగకు నిరోధము సుమారు ఒకటిన్నర రెట్లకు పైన. అతుకులు మరింత ప్రమాదకరములు. వదులైన అతుకున అర ఓము నిరోధమున్నను, 7 ఆంపియరులకు అచ్చట 24 వాటులకు పైబడిన వేడి ఒక్కచోటనే పుట్టి అతుకును మాడ్చును.

మోటారు కాలుట యెట్లనగా: పీడనము తగ్గినను పంపు అంతే నీటిని ఎత్తవలసియున్నందున మోటారు అధిక ప్రవాహమును లాగును. వేడి ప్రవాహపు వర్గమునుబట్టి పెరుగును. 7 ఆంపియరులు 8.4 అయినచో ప్రవాహము అయిదవవంతు పెరిగినట్లు. కాని వైండింగులోని వేడి దాదాపు ఒకటిన్నర రెట్లగును. మొదలుపెట్టునపుడు మోటారు మామూలుకంటె అనేక రెట్లు ప్రవాహమును కోరును. అప్పుడు ఆ తీగలో 20 ఆంపియరులు పారినను 60 వోల్టులు తీగకే పోవును. అందుచే మోటారు తిరుగక ఝుమ్మని మ్రోగును. అట్టి సమయమున వెంటనే ఆపవలెను.

ఈ సూత్రములు తీగకు, దీపమునకు, హీటరునకు సరిపోవును; మోటారునకు నేరుగా సరిపోవు. తిరుగుచున్న మోటారులో ఎదురు పీడనము పుట్టును గనుక వోల్టులను ఆంపియరులచే భాగించిన వచ్చునది వైండింగు నిరోధము కాదు. సామర్థ్యము లెక్కించుటకును పవరు ఫాక్టరుచే గుణింపవలెను. మూడు ఫేజుల మోటారునకు 1.732చే గూడ గుణింపవలెను. 415 వోల్టులు, 7.5 ఆంపియరులు, పవరు ఫాక్టరు 0.85 అయినచో తీసికొను సామర్థ్యము సుమారు 4580 వాటులు. దాదాపు ఇది అయిదు గుఱ్ఱపు శక్తుల మోటారు లెక్క.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఆరంభమైనది. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి ఇరువదినాలుగు గంటల సరఫరా ప్రవేశపెట్టబడినది. ఉచితమైనదానికి లెక్క యేల యని కొందరందురు. విద్యుత్తు ఉచితమైనను వైండింగు ఉచితము కాదు. మిరపకు, వరికి తడి యందవలసిన వారమున మోటారు మరమ్మతుకు పోయినచో కలుగు నష్టమును ఏ బిల్లును చూపదు. సన్నని తీగవలన మిగిలిన ధనమును, రెండుమార్లు వైండింగు చేయించిన ఖర్చును పక్కపక్కన వ్రాసి చూచుకొనుడు.

ప్రవాహమును కొలుచు క్లాంపు మీటరు ఒక్కొక్క రైతు కొననక్కరలేదు. సంఘమునకు ఒకటి చాలును. తీగలను తాకుట ప్రాణాపాయము గనుక కొలుచుపనిని తెలిసిన ఎలక్ట్రీషియనుచేతనే చేయింపుడు. స్తంభమువద్ద వోల్టులు, మోటారువద్ద వోల్టులు, ఆంపియరులు — ఈ మూడంకెలను ప్రతి పంటకాలపు ఆరంభమున పుస్తకమున వ్రాసియుంచుడు. వ్యత్యాసము ఏడాదికేడాది పెరిగినచో అతుకులను చూపింపుడు. మొదటినుండియు హెచ్చుగా నున్నచో తీగను మార్పింపుడు. స్తంభమువద్దనే వోల్టులు తక్కువైనచో ఆ యంకెలతో విద్యుత్ శాఖవారికి అర్జీ పెట్టుకొనుడు. అంకెలతో గూడిన అర్జీకి బలమెక్కువ.