బస్సులు ఆగాయి, గడ్డ ఆగలేదు

2020 మార్చి 25న కోవిడ్ లాక్‌డౌన్‌తో దేశం మొత్తం తలుపులు మూసుకుంది. ఆ ఏడాది మార్చి నుంచి మే నెలాఖరు దాకా 41 క్యాన్సర్ ఆస్పత్రుల లెక్కలు తీసి, అంతకు ముందేడాది అవే మూడు నెలలతో, దేశంలోని క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ పరిశోధకులు పోల్చి చూశారు. కొత్తగా పేరు రాయించుకున్న రోగులు 1,12,270 నుంచి 51,760కి పడిపోయారు. పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. రేడియేషన్‌కు వచ్చినవాళ్లు మాత్రం 23 శాతమే తగ్గారు. ఈ తేడా దగ్గర కాసేపు ఆగాలి. చికిత్స మొదలైన మనిషి చేతిలో ఫైలుంది, మళ్లీ రమ్మన్న తేదీ ఉంది. ఎలాగోలా బండి మాట్లాడుకుని వస్తాడు. జబ్బేమిటో ఇంకా తెలియని మనిషి దగ్గర ఏముంది? ఓ గడ్డ, ఓ అనుమానం. అవి చూపించి పోలీసు చెక్‌పోస్టు దాటడం ఎవరి తరం?

అదే అధ్యయనంలో, పెద్ద నగరాల్లోని ఆస్పత్రులకే ఎక్కువ దెబ్బ తగిలిందని తేలింది. రోగులు అక్కడికి చేరలేకపోవడం మహమ్మారి కొత్తగా తెచ్చిపెట్టిన లోపం కాదు. జబ్బు పేరు తెలుసుకోవడానికి సైతం పట్నం పోవాల్సి రావడమే అసలు లోపం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి దాదాపు 300 కిలోమీటర్లు. మామూలు రోజుల్లోనే అది రెండు కూలి దినాల ప్రయాణం. పైగా మన దగ్గర ముందస్తు పరీక్షలు అంతంతమాత్రం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమే. అంటే నొప్పో రక్తస్రావమో కనిపించాకే బయల్దేరతారు. అప్పటికే ఆలస్యమైన ప్రయాణాన్ని లాక్‌డౌన్ ఇంకా వెనక్కి నెట్టింది.

రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లను వైరస్ ఉన్న ఆస్పత్రికి రప్పించకపోవడమే మంచిదైందని అప్పట్లో చాలామంది వాదించారు. భయం న్యాయమైనదే. అయితే ముంబై టాటా మెమోరియల్‌లో ఆ మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 వరకు 494 ఆపరేషన్లు చేశారు. తర్వాత ఆరుగురికి కోవిడ్ సోకింది, ఆరుగురూ కోలుకున్నారు. అంత సిబ్బంది, అంత సరంజామా అన్నిచోట్లా ఉండవు, నిజమే. కానీ వాయిదాకూ వెల ఉంది. ఏడు రకాల క్యాన్సర్ల మీద 2020లో వచ్చిన సమీక్ష ప్రకారం, ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే మరణ ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుంది. తర్వాత రోగులు మళ్లీ వచ్చారుగా అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే: వచ్చినవాళ్లనే రిజిస్టర్ లెక్కపెడుతుంది. ఇంట్లోనే కన్నుమూసినవాళ్లు అందులో ఉండరు.

ఈ దూరం తగ్గించాలని జిల్లాకో క్యాన్సర్ ఆస్పత్రి కడితే నాణ్యత పలచబడుతుందన్న అభ్యంతరాన్ని నేనూ ఒప్పుకుంటాను. క్లిష్టమైన ఆపరేషన్ చేయితిరిగిన చోటే జరగాలి. రోగ నిర్ధారణ సంగతి వేరు. గడ్డ నుంచి సూదితో తీసిన చిన్న ముక్కను ఫార్మలిన్ సీసాలో వేస్తే కుళ్లదు. దాన్ని మైనంలో పొదిగి దిమ్మ కడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. మనిషి కదలలేని రోజుల్లోనూ మందుల లారీలు తిరిగాయి. ఆ సీసా కూడా వాటితో పట్నం చేరగలిగేదే. జిల్లా ఆస్పత్రిలో ముక్క తీసే డాక్టరు, సీసా మీద పేరు రాసి పంపే మనిషి, ఫలితం వచ్చాక రోగికి ఫోన్ చేసి ఎక్కడికి, ఏ రోజున వెళ్లాలో చెప్పే మరో మనిషి కావాలి. ఆ మూడు ఉద్యోగాలను ఈ బడ్జెట్‌లోనే అడగాలి.